కరువు కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఐర్లండ్ కరువు మీద నువ్వు రాసిన కథ చదివాను. మొదటి రెండు పేజీలు తీసెయ్. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకడం, పది లక్షల మంది పోవడం, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కడం నిజమే. కానీ అవి చరిత్ర పుస్తకంలోనే దొరుకుతాయి. కరువు సాయం వ్యవహారం నడిపిన లండన్ అధికారి ట్రెవెల్యాన్‌ కూడా వద్దు. ఆయనే 1859లో మన మద్రాసుకు గవర్నరుగా వచ్చాడని నీకు ఉత్సాహం, సరే. నీ కథలోని ముసలమ్మకు ఆ పేరెందుకు తెలుస్తుంది?

ఆమెలాంటి వాళ్ల మాటలే చదువు. 1937-38లో అక్కడి బడిపిల్లలు ఇంట్లో పెద్దల్ని అడిగి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. 1945లో జానపద సంఘం వాళ్లు ప్రశ్నలు పంపి మరీ చెప్పించారు. చెప్పినవాళ్లు చాలావరకు కరువు చూసినవాళ్ల పిల్లలు, మనవలు.

వాళ్లు దాటేసే చోట ఆగు. "మా ఊళ్లో అంత లేదు, అవతలి ఊళ్లోనే ఎక్కువ" అంటారు. కొందరు ప్రొటెస్టెంట్ మిషనరీలు పోసిన సూప్ కోసం మతం మారింది ఎప్పుడూ పక్కింటివాళ్లే. దిక్కులేకుండా పోయిన కుటుంబం పొలాన్ని ఎవరు కలుపుకున్నారంటే మాట మారుస్తారు. నీ కథలో విలన్ భూస్వామి ఒక్కడే. పావు ఎకరం దాటి భూమి ఉంటే సాయం లేదన్న 1847 నాటి చట్టం వల్ల ఎందరో భూమి వదులుకున్నారు, ఆ పాపం పైవాళ్లదే. కానీ ఆ భూమి మీద కన్నేసిన పొరుగువాడు నీ కథలో లేడేం?

మేయో జిల్లాలో 1849 మార్చిలో సాయం కోసం లూయిస్‌బర్గ్ నుంచి డెల్ఫీ దాకా చలిలో నడిచి, దారిలో కూలిపోయినవాళ్ల సంగతి చూడు. ఊరివాళ్లు వందల మంది పోయారంటారు, అప్పటి పత్రిక లెక్క చాలా తక్కువ. ఏది నిజమో తేల్చే పని నీది కాదు. రెండు లెక్కలూ ఇద్దరు మనుషుల నోట పలికించు, వాళ్లే గొడవపడతారు.

ఆకలి గడ్డి మాత్రం ఉంచు. ఆకలితో మనిషి పడిపోయిన చోట మొలిచిన గడ్డి తొక్కితే ఒళ్లు తూలిపోతుందని వాళ్ల నమ్మకం, అందుకే జేబులో రొట్టెముక్క పెట్టుకునేవారు. నువ్వు దానికి సైన్సు వివరణ ఇచ్చావు, అదొక్కటి కొట్టేయ్. జేబులో చెయ్యి పెట్టే మనిషిని చూపించు చాలు.

పొరుగువాడు వచ్చాక మళ్లీ పంపు.

మీ అన్నయ్య