ఉత్తర రష్యాలోని పాత చెక్క ఇళ్లు చలికే పాడవుతున్నాయా? వాటిని కాపాడటం సాధ్యమేనా?

ఆర్ఖాంగెల్స్క్‌లో వైద్యవిద్య చదివిన కాలంలో అలాంటి ఇళ్లను దగ్గర నుంచి చూశాను. చలి వల్ల వాటికి జరిగే హాని చాలా తక్కువ. వాటిని కూలుస్తున్నది నేలలోని తేమ, అంతకు మించి మనుషుల నిర్లక్ష్యం.

1584లో ఉత్తర ద్వినా నది ఒడ్డున వెలసిన ఆ పట్టణం చాలాకాలం కలప మీదనే బతికింది. రంపపు మిల్లుల కార్మికుల కోసం సోవియట్ కాలంలో కట్టిన రెండంతస్తుల దుంగల ఇళ్లు అక్కడ వీధుల నిండా ఉండేవి. నేల బురద కావడంతో లోతుగా చెక్క గుంజలు దిగగొట్టి, వాటి మీద ఇల్లు నిలిపేవారు. పూర్తిగా నీటిలో మునిగి ఉన్న కలప ఏళ్ల తరబడి చెడదు. గాలి, నీరు మార్చి మార్చి తగిలే గుంజ తల దగ్గరే శిలీంధ్రం పట్టి కుళ్లు మొదలవుతుంది. ఆ తలలు మెత్తబడితే పైన దుంగలు ఎంత గట్టిగా ఉన్నా ఇల్లు ఒరుగుతుంది, ఒక్కోసారి గుంజల మీది నుంచి జారిపోతుంది కూడా. మన మండువా ఇళ్లలో టేకు స్తంభాల కింద రాతి దిమ్మెలు పెట్టింది ఈ తేమ భయంతోనే.

మాకు రష్యన్ నేర్పిన పెద్దావిడ ఆ పట్టణంలోని సొలొంబాలా ప్రాంతంలో అలాంటి ఇంట్లోనే ఉండేవారు. మంచు కరిగే రోజుల్లో ఒకసారి వెళ్లినప్పుడు ఆవిడ గది తలుపు చూశాను. ఇల్లు ఒరిగి తలుపు పట్టేసినప్పుడల్లా పై అంచును చిత్రిక పట్టడంతో అది ఒక పక్కకు ఏటవాలుగా అరిగిపోయి, కోసిన చోట ఆకుపచ్చ, గోధుమ, తెలుపు రంగుల పాత పొరలు కనిపిస్తున్నాయి. పక్కవాటాలోని పెద్దాయన నన్ను బయటకు తీసుకెళ్లి అట్టడుగు దుంగలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది; రెండడుగుల పైనున్న దుంగలోకి మొన కూడా దిగలేదు. జాకీలతో ఇంటిని ఎత్తి, చెడిన దుంగలు, గుంజల తలలు మార్చి, సందుల్లో నార కూరితే ఇల్లు మరో తరం నిలుస్తుందని, తన తండ్రి ఆ పనే చేసేవాడని ఆయన చెప్పారు. ఆ మాటను నేను పూర్తిగా నమ్ముతాను.

అయితే ఆ ఇల్లు కూల్చివేత జాబితాలో చేరడంతో సంబంధిత కార్యాలయం మరమ్మతులన్నీ ఆపేసింది. ఖాళీ చేయించిన ఇంట్లో పొయ్యి వెలగదు, కప్పు కారుతుంది, చివరికి ఎవరో నిప్పు పెడతారు. అదే పట్టణంలోని చుంబారోవ్-లుచిన్‌స్కీ వీధిలో వేరే చోట్ల నుంచి తరలించి నిలబెట్టిన ముచ్చటైన ఇళ్లు చూసి, వారసత్వం భద్రంగా ఉందని యాత్రికులు అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. దుంగల మీద ప్లాస్టిక్ పలకలు కొట్టి తేమను లోపలే బంధించడం మరీ అన్యాయం. స్వచ్ఛందంగా వచ్చి గోడలకు రంగులు వేసే యువకులంటే గౌరవమే, కానీ డబ్బు ముందుగా ఖర్చు కావలసింది గుంజల మీద, కప్పు మీద.

కొత్త ఫ్లాట్ కోరుకునే నివాసులను నిందించేవారితో కూడా నేను ఏకీభవించను. మాకు రష్యన్ నేర్పిన ఆ పెద్దావిడ కోరింది వేడినీళ్లు, ఇంటి లోపలే మరుగుదొడ్డి, అంతే. ఆ రెండూ అమర్చితే ఇల్లు వదిలే ప్రసక్తే లేదని ఆవిడ చాలాసార్లు అన్నారు.