దొరికింది చిన్న గొట్టమే కదా అనుకోవద్దు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, మాది బైరెడ్డిపల్లె దగ్గర పల్లె. మావోడు తొమ్మిదో క్లాసు చదవతా ఉండాడు. మా ఊరికి దగ్గర్లో ఒక పాత క్వారీ ఉండాది, పని ఆగిపోయి చానా కాలమైంది, ఆ గుంతలో నీళ్ళు నిలబడి ఉంటాయి, ఆదివారమొస్తే పిలకాయలంతా ఆడికే ఈతకి పోతారు. మొన్న వాడి బ్యాగు సర్దతా ఉంటే అడుగున వేలెడంత వెండి రంగు గొట్టం కనపడింది, దానికి రెండు వైర్లు, ఒకటి పసుపు ఒకటి ఎరుపు. ఏందిరా ఇది అంటే, బ్యాటరీకి కలిపితే ఏమైతాదో చూద్దామని తెచ్చుకున్నామమ్మా అన్నాడు, ఫ్రెండు దగ్గర ఇంకోటి ఉందంట. నాకు గుండె జారిపోయింది, వాడికి రెండు తగిలించి దాన్ని తీసుకుపోయి దిబ్బలో పారేసినా. మా ఆయనేమో ఇంత చిన్నదానికి అంత రచ్చ ఎందుకంటాడు. నిజంగా అది అంత ప్రమాదమా? ఈ వయసు పిలకాయలకి ఎట్లా చెప్పాల?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు దిబ్బ సంగతి. మీ జాబు చేరిన రోజే మీరిచ్చిన నంబరుకి ఫోన్ చేసి చెప్పినాం, ఇక్కడ మళ్ళీ రాసేది మిగతావాళ్ళ కోసం. అట్లాంటిది దిబ్బలో పడేస్తే పీడ పోయినట్టు కాదు, ఎరువు తోలేటప్పుడు దానికి పార తగలచ్చు, ఎవరో దిబ్బకి నిప్పు పెట్టచ్చు, లేదా ఇంకో ఇంటి పిల్లోడికి ఆ రంగు వైర్లు కంటపడచ్చు. బావిలో వేసినా, మట్టిలో పూడ్చినా అంతే. అది ఎక్కడుంటే అక్కడే వదిలేసి, పిల్లల్నీ పశువుల్నీ దూరంగా ఉంచి, 112 కి ఫోన్ చేసి చెప్పాలి, లేదంటే సచివాలయంలో మహిళా పోలీసుకో వీఆర్వోకో చెప్పినా స్టేషన్‌కి కబురు పోతుంది. వాళ్ళు బాంబ్ స్క్వాడ్‌ని పిలిపించి తీయిస్తారు. మీరు మాత్రం దాన్ని జేబులో వేసుకుని, బైకెక్కి స్టేషన్‌కి తీసుకుపోయే పని పెట్టుకోవద్దు.

మీరు రాసిన గుర్తుల్ని బట్టి అది డిటోనేటరే. బండకి బెజ్జం వేసి, లోపల మందు కూరి, దాన్ని పేల్చడానికి పెట్టేది ఇదే. మన కుప్పం, పలమనేరు వైపు గ్రానైట్ క్వారీలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు, బావులు తవ్వేటప్పుడు కూడా వాడినారు. పేలిన తర్వాత రంగురంగుల వైర్ల ముక్కలు ఆ చుట్టుపక్కలంతా చెల్లాచెదరుగా పడుంటాయి, పిల్లలు వాటిని ఏరుకొచ్చి గాజులు, చైన్లు అల్లుకుంటారు. ఉత్త వైరైతే ఏమీ కాదు. కానీ కొన్నిసార్లు ఒకటీ అరా పేలకుండా రాళ్ళల్లో మిగిలిపోతాయి, వైరు పట్టుకుని లాగితే చివర గొట్టం కూడా వస్తుంది, భయమంతా అక్కడే. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఈ కరెంటు డిటోనేటర్ల తయారీ, దగ్గర పెట్టుకోవడం నిషేధించినారు గానీ, అంతకుముందు రాళ్ళ సందుల్లో మిగిలినవి ఎక్కడికి పోతాయి చెప్పండి.

మీ ఆయన్ని ఈ ఒక్కటి చదవమనండి. ఆ గొట్టంలో ఉండే మందు గ్రాము అటూ ఇటూ, అంతే. ఆ రెండు వైర్లూ లోపల వెంట్రుక లాంటి సన్న తీగకి కలిసుంటాయి, ఆ తీగ చుట్టూ అగ్గిపుల్ల తల మాదిరి కొంచెం మందు, కరెంటు తగిలితే తీగ కాలి మందు అంటుకుని మిగతాదంతా ఒక్కసారి పేలుతుంది, రెప్ప వేసేంత టైము కూడా ఇవ్వదు. దానికి చిన్న టార్చిలైటు సెల్లు సరిపోతుంది. సుత్తితో కొట్టినా, మంటలో వేసినా, పళ్ళతో కొరికినా, పిన్నుతో గెలికినా పేలచ్చు. పిల్లోడు దాన్ని ఎట్లా పట్టుకుంటాడో ఒకసారి ఊహించుకోండి, ఎడమచేతి బొటనవేలికి, మొదటి రెండు వేళ్ళకి మధ్య గొట్టం, కుడిచేత్తో వైరు సెల్లుకి ఆనిస్తా, ఏమవుతుందో చూద్దామని మొహం దగ్గరికి పెట్టి. అందుకే ఇట్లాంటి దెబ్బల్లో సాధారణంగా పోయేది ఆ మూడు వేళ్ళూ, కళ్ళూ. గొట్టం అల్యూమినియందైతే అది తునాతునకలై ఆ ముక్కలన్నీ మొహంలోకి కొడతాయి. పక్కన నిలబడి చూసే పిల్లలకీ అంతే. మీరు భయపడింది అనవసరం కాదమ్మా.

ఇంక ఎట్లా చెప్పాలి అన్నారు, నాకు అసలు కంగారు అక్కడే. మీవోడు తప్పుడు పిల్లోడు కాదు, రెండు వైర్లు కనపడితే కలిపి చూడాలనిపించడం ఆ వయసులో ఉండాల్సిన బుద్ధే, బళ్ళో సైన్సు చెప్పేది కూడా దాని కోసమే. ఒక్కడే ఉంటే వదిలేస్తాడేమో గానీ, నలుగురు ఫ్రెండ్స్ చుట్టూ చేరి నీకు ధైర్యం లేదురా అంటే ఆగడు. మీరు అడగ్గానే అబద్ధం చెప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పినాడు చూడండి, దానికి దెబ్బలు తిన్నాడు. రేపు ఇంకోటి దొరికితే మీకు చెప్తాడా? చెప్పడు, ఎనుములకొట్టంలోనో మిద్దె మీదో దాచిపెడతాడు, వాడెక్కడ పెట్టినాడో మీకు తెలీదు. కొట్టిన చెయ్యితోనే ఈ రోజు వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, నువ్వు చెప్పినందుకు మంచిపనైంది, ఇంకోసారి ఇట్లాంటిది ఏది కనపడినా ముట్టకుండా వచ్చి చెప్పు, నేను తిట్టను అనండి, అన్నమాట మీద నిలబడండి. ఆ ఫ్రెండు ఇంటికి ఈ రోజే పోండి, ఫోన్లో కాదు, మనిషే పోవాలి, గొడవకి పోయినట్టు కాకుండా ఆ తల్లికి విషయం చెప్పి అక్కడున్నదాని గురించి కూడా 112 కి చెప్పించండి.

పోలీసు కేసవుతుందేమో అని దాచుకునేవాళ్ళు ఉంటారు. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం అనుమానం వచ్చేలా దగ్గర పెట్టుకోవడాన్నే నేరమంటుంది, దొరికిన వెంటనే చెప్పడం మీకు మంచిదే గానీ చెడు కాదు.

ఒకవేళ ఎక్కడైనా పేలిందే అనుకోండి, గాయం మీద పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి చెయ్యి పైకెత్తి ఉంచాలి. వేలు తెగిపడితే తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవర్ని ఐసులో పెట్టి పేషెంటుతో పాటే పంపాలి, వేలికి నేరుగా ఐసు తగలకూడదు. కంట్లో ముక్క దిగితే పీకద్దు, రుద్దద్దు, నీళ్ళు కొట్టద్దు, కన్ను నొక్కుకోకుండా పైన కాగితం కప్పు బోర్లించి పట్టుకుని 108 ఎక్కించండి. ముందు దగ్గర్లో ఉండే పెద్దాసుపత్రికి పోతే వాళ్ళే చూసి తిరుపతి రుయాకో, కంటికైతే అక్కడి అరవింద్ ఆసుపత్రికో పంపుతారు.

అడివి అంచున ఉండే ఊర్లవాళ్ళకి ఇంకో మాట. పందుల కోసం కొందరు చేలల్లో పెట్టే నాటుబాంబు ఉండలు కూడా ఇట్లాంటివే, తినేదాని మాదిరే ఉంటాయి, మేతకి పోయిన ఆవులు కొరికి దవడలు పగిలిన వార్తలు మన జిల్లా పేపర్లలోనే వచ్చినాయి. గట్టు మీద గుడ్డ చుట్టిన ఉండ కనపడితే పిల్లలు కాలితో కూడా తన్నకూడదు. క్వారీ గుంతలో ఈత మాత్రం మాన్పించండి, ఆ గోడలు నిట్టనిలువుగా ఉంటాయి, ఎక్కి రావడానికి పట్టు దొరకదు.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ ఫస్టియర్, తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. దీపావళికి పేలని టపాకాయలన్నీ ఏరి, మందు దులిపి, పేపర్లో పోసి కాలుస్తాం. ఇది కూడా తప్పేనా?

జవాబు: అవును నాయనా, మానేయండి. ఒత్తి అంటే మీకు పక్కకి పోవడానికి కొంచెం టైము ఇచ్చేది, విడిగా పోసిన మందుకి ఆ ఒత్తి లేదు, అగ్గిపుల్ల దగ్గరికి పెట్టేలోపే భగ్గుమని చెయ్యీ, మొహం కాలుస్తుంది. పేలని దాన్ని మళ్ళీ వెలిగించద్దు, దాని మీదికి వంగి చూడద్దు, అరగంట వదిలేసి తర్వాత బకెట్ నీళ్ళల్లో ముంచి రాత్రంతా ఉంచండి. ఎక్కడైనా కాలితే 20 నిమిషాలు కొళాయి నీళ్ళ కింద పెట్టు, టూత్‌పేస్టు, ఇంకు, ఐసు ఏదీ పెట్టద్దు, ఉంగరం, వాచీ ఉంటే వాపు రాకముందే తీసెయ్, బొబ్బలు గిల్లకుండా పైన శుభ్రమైన గుడ్డ కప్పుకుని డాక్టరు దగ్గరికి పో. మొహమో కన్నో కాలితే ఎంత చిన్నగా కనపడినా ఆ రాత్రికే పో, తెల్లారేదాకా ఆగద్దు.