ఫిజిక్స్ చెప్పబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

జూనియర్ ఇంటర్‌కి ఫిజిక్స్ చెప్పాలి, ఏం సిద్ధం చేసుకోవాలి బాబాయ్ అని అడిగావు. నోట్సు సంగతి నువ్వు చూసుకోగలవు. నా సలహా ఒక్కటే. ఏ విషయమైనా నువ్వు చెప్పకముందే పిల్లల చేత ఒక జవాబు చెప్పించు, తప్పయినా సరే.

బంతితో మొదలుపెట్టు. నిటారుగా విసిరిన బంతి చేతిని వదిలి పైకి పోతోంది. గాలి సంగతి పక్కన పెడితే దాని మీద ఏయే బలాలున్నాయి? "విసిరిన బలం పైకి, గురుత్వం కిందికి" అంటారు చాలామంది. పైకున్న బలం తగ్గుతూ పోయి, చివర రెండూ సమానమవుతాయని వివరిస్తారు కూడా. అక్కడ త్వరణం ఎంతంటే సున్నా అంటారు. తమాషా ఏమిటంటే, గరిష్ఠ ఎత్తు కనుక్కోమంటే అదే పిల్లలు త్వరణానికి మైనస్ జి (గురుత్వ త్వరణం, కిందికి) వేసి లెక్క చక్కగా చేసేస్తారు. ఎంసెట్ బిట్లూ పెట్టేస్తారు (పేరు మారిందని తెలుసు, నా నోటికి అదే వస్తుంది). చేతిని వదిలాక ఉన్నది వేగమే, విసిరిన బలం కాదు. త్వరణం చివరి దాకా 9.8, కిందికే. ఇది బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా లోపల పాతుకుపోయిన ఊహ కదలదు. ముందు అది బయటికి రావాలి.

నాలుగు జవాబులిచ్చి, నిమిషం పాటు ఎవరికి వాళ్లు ఆలోచించుకోమను. జవాబు నంబరును పక్కవాళ్లకి కనపడకుండా వేళ్లతో గుండె దగ్గర చూపించమను. మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల మందికి సరిగ్గా వస్తే, నువ్వు నోరు విప్పకు. పక్కవాళ్లతో వాదించుకోనీ, తర్వాత మళ్లీ వేళ్లు చూడు. అంతకన్నా తక్కువ మందికి వస్తే వాదన దండగ, నువ్వే ఇంకోసారి చెప్పాలి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజుర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. "అర్థమైందా?" అని మాత్రం అడగకు. అందరూ అయిందనే అంటారు.

రిచర్డ్ హేక్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1998లో అమెరికాలోని 6,500 మందికి పైగా విద్యార్థుల పరీక్షలు పోల్చి చూశాడు. మొదట్లో రానిదాంట్లో, ఉపన్యాసం విన్నవాళ్లు సగటున 23 శాతం నేర్చుకుంటే, క్లాసులో ఆలోచించి చర్చించినవాళ్లు 48 శాతం నేర్చుకున్నారు.

ప్రయోగం చేసి చూపిస్తే చాలనుకుంటావేమో. ఊరికే చూసినవాళ్లకి, అసలు చూడనివాళ్లకి అవగాహనలో పెద్ద తేడా లేదని మజుర్ బృందమే 2004లో రాసింది. ఏం జరుగుతుందో ముందే ఊహించి చెప్పినవాళ్లకే ఎక్కువ పనికొచ్చింది. అందుకని బ్యాటరీకి ఒకే రకం బల్బులు రెండు వరసగా కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందో అడిగాకే స్విచ్ వెయ్యి. మొదటి బల్బు కరెంటు తినేస్తుందనేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఒకదానికి సిద్ధంగా ఉండు. "మేడం ఏమీ చెప్పట్లేదు, మమ్మల్నే అడుగుతున్నారు" అని ప్రిన్సిపాల్ దాకా వెళ్తుంది. హార్వర్డ్‌లోనూ అంతే. ఇలాంటి క్లాసులో పిల్లలు ఎక్కువే నేర్చుకున్నా, తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. టెన్షన్ పడకు. మొదటి వారంలోనే ఎందుకిలా అడుగుతున్నావో వాళ్లకి చెప్పెయ్యి.

సిలబస్ ఆగదు కాబట్టి పీరియడ్‌కి ఒక్క ప్రశ్న చాలు. ప్రమాణాలు, మితులు లాంటివి మామూలుగానే చెప్పు. బంతి మీద వచ్చిన తప్పు జవాబులు మాత్రం వాళ్ల మాటల్లోనే రాసి ఉంచు. దసరా సెలవులకి వచ్చేటప్పుడు పట్టుకురా. లారీ, ఆటో గుద్దుకుంటే ఎవరి మీద బలం ఎక్కువ అనే ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు వాటిని చూసే తయారుచేద్దాం.

బాబాయ్