పందుల బ్యాక్టీరియా మీద ప్రాజెక్టు: అమ్మాయిని చేయనివ్వాలా?

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. మా అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతోంది. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు పందుల్లో జబ్బులు కలిగించే బ్యాక్టీరియా జీనోమ్ సీక్వెన్సింగ్ (దాని మొత్తం డీఎన్ఏను చదవడం) తీసుకుంటానంటోంది. బంధువులు నవ్వుతున్నారు. పందుల మీద చదివితే ఉద్యోగం ఎవరిస్తారు? బీఈడీ చేయించడం మేలు కాదా?

జవాబు: నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. మీ అమ్మాయి పందుల దొడ్డికి వెళ్ళేది తక్కువ, కంప్యూటర్ ముందు కూర్చునేది ఎక్కువ. జబ్బుపడ్డ పంది నుంచి తీసిన నమూనాలోని బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి, దాని డీఎన్ఏను వేరు చేసి సీక్వెన్సర్‌కు ఇస్తారు. ఆ యంత్రం డీఎన్ఏను ముక్కలుగా చదువుతుంది. ఆ ముక్కలను వరుసగా అతికి, ఏ జన్యువు జబ్బుకు కారణం, ఏ జన్యువు వల్ల మందు పనిచేయడం లేదు అని వెతకడమే అసలు పని. స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బ్యాక్టీరియానే తీసుకోండి. దాని జీనోమ్ సుమారు 20 లక్షల డీఎన్ఏ అక్షరాలు. అది పందులతో ఆగదు, మనుషులకూ సోకి మెదడు పొరల వాపు తెస్తుంది, కొందరికి వినికిడి పోతుంది. 2005లో చైనాలోని సిచువాన్‌లో 200 మందికి పైగా దాని బారిన పడ్డారు.

మందుల సంగతి ఇంకా గట్టిది. ఇతర మందులు పనిచేయనప్పుడు వైద్యులు వాడే కోలిస్టిన్‌ను కూడా లెక్కచేయని ఎంసీఆర్-1 జన్యువు గురించి 2015లో లోకానికి తెలిసింది. అది మొదట బయటపడింది చైనా పందుల్లోని ఈ-కోలై అనే బ్యాక్టీరియాలో. 2019లో మన దేశం ఆహారానికి పెంచే జంతువుల్లో కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. పంది పేరు వినగానే ముఖం తిప్పుకునే చుట్టాలకు ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి.

ఇక ఉద్యోగం. పందుల బ్యాక్టీరియా నిపుణులు కావాలని పత్రికలో ప్రకటన రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. పశువైద్యాధికారి పోస్టుకు పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ తప్పనిసరి కాబట్టి ఆ దారీ లేదు. అమ్మాయి చేతికి వచ్చేది బ్యాక్టీరియా జీనోమ్‌ను చదవగల నేర్పు. అది పందికే కాదు, రొయ్యకూ పనికొస్తుంది. నెల్లూరు, ప్రకాశం తీరంలో చెరువు ఉన్న ఏ రైతును అడిగినా రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా గురించి చెబుతాడు. రొయ్య పిల్లలను తొలి రోజుల్లోనే చంపే ఈఎంఎస్ జబ్బుకు మూలమైన విషపు జన్యువులు, విబ్రియోలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉన్నాయని తేల్చింది ఈ సీక్వెన్సింగే.  

పరిశోధన వైపు వెళ్తే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకోవాలి. మొదట్లో నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. హైదరాబాద్‌లో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ, బెంగళూరులో పశువుల రోగాల మీద పనిచేసే నివేది సంస్థ, గువాహటి దగ్గర రాణిలో పంది పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఎమ్మెస్సీతోనే ఆగితే కాంట్రాక్టు ప్రాజెక్టు ఉద్యోగాలు, సీక్వెన్సింగ్ కంపెనీలు, రోగనిర్ధారణ ల్యాబులు. అక్కడ తొలి జీతాలు గొప్పగా ఉండవు. లినక్స్ (కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ), పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) వచ్చిన పిల్లలకు, రాని పిల్లలకు తేడా మాత్రం ఇంటర్వ్యూ మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. బీఈడీ ఎప్పుడైనా చేయవచ్చు.

ముందుగా ఒక పని చేయించండి. స్ట్రెప్టోకాకస్ సూయిస్ జీనోమ్‌లు ఎన్‌సీబీఐ అనే అమెరికా ప్రభుత్వ ఆన్‌లైన్ జన్యు భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి దించుకుని, ఉచితంగా వాడుకోగల గెలాక్సీ అనే ఆన్‌లైన్ విశ్లేషణ వేదిక మీద జన్యువులను గుర్తించి చూడమనండి. ఎర్రర్ సందేశాలు వరుసగా వస్తున్నా విసుగు లేకుండా కూర్చుంటే ఆమెకు ఈ పని పడుతుంది. రెండో రోజే లేచిపోతే వేరే ప్రాజెక్టు చూసుకోవడం మంచిది.

పడుతుందని తేలాక, గైడ్‌ను మీరిద్దరూ కలిసి అడగాల్సినవి ఉన్నాయి. సీక్వెన్సింగ్ ఖర్చు ఎవరు పెడతారు? యంత్రం నుంచి వచ్చిన ముడి డేటా అమ్మాయి చేతికి ఇస్తారా? విశ్లేషణ ఎవరు చేస్తారు? నివేదిక కంపెనీ నుంచే తయారై వస్తుంది, మీరు ఫీజు కట్టి బైండింగ్ చేయించుకుంటే చాలు అంటే, ఆ ప్రాజెక్టుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.