అర్థం కాని ఉపన్యాసాలకు మా అమ్మాయి ఎందుకు వెళ్తోంది?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మూడో సంవత్సరం చదువుతోంది. వారానికి రెండుసార్లు సాయంత్రం పూట ఏవో క్వాంటం సెమినార్లకు వెళ్తుంది. వాటిలో సగం ఫిజిక్సు విభాగంలో జరిగేవే. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఏం నేర్చుకున్నావని అడిగితే ఏడు ఇనుప పరమాణువులు, ఒక మాలిబ్డినం అంటూ ఏదో చెప్పింది. మళ్లీ తనే ‘నాకూ చాలావరకు అర్థం కాలేదు నాన్నా’ అంది. అర్థం కానిదానికి వెళ్లడం ఎందుకు? తనతో ఇంటర్ చదివినవాళ్లు ఇంజినీరింగ్‌లో ఉన్నారు, వచ్చే ఏడాది వాళ్లకు ప్లేస్‌మెంట్లు. అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తోంది కాబట్టి గుంటూరులో ఒక సంస్థ ఆరు నెలల క్వాంటం కంప్యూటింగ్ సర్టిఫికెట్ కోర్సు మొదలుపెట్టింది. ఫీజు లక్షా ఇరవై వేలు. ఎమ్మెస్సీ మాన్పించి అందులో చేర్పించమంటారా, పరిశోధన వైపే వదిలేయమంటారా? రెండూ పోల్చి చెప్పండి.
— తెనాలి దగ్గర ఎరువుల దుకాణం నడుపుతున్న ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ అమ్మాయి చెప్పిన ఆ ఏడు ఇనుప పరమాణువుల కథ మీ దుకాణంలోనే మొదలవుతుంది. మినుము, పెసర విత్తనాలకు పట్టించమని మీరు రైతులకు ఇచ్చే రైజోబియం పొట్లం ఉంది కదా, అందులోని బాక్టీరియా మొక్క వేళ్లకు బుడిపెలు కట్టించి, గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియాగా మారుస్తుంది. ఆ పని చేసే ఎంజైము పేరు నైట్రోజినేజ్. దాని నడిబొడ్డున ఒక చిన్న గుత్తి ఉంటుంది. ఏడు ఇనుప పరమాణువులు, ఒక మాలిబ్డినం, తొమ్మిది గంధకం, మధ్యలో ఒకే ఒక్క కర్బనం. మధ్యలో ఉన్నది కర్బనమేనని తేలడానికి 2011 దాకా పట్టింది.

మీరు అమ్మే యూరియాకు ముందు అమ్మోనియా కావాలి. ఫ్యాక్టరీలో అమ్మోనియా తయారీకి 400 డిగ్రీలు దాటిన వేడి, మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి వంద రెట్లు మించిన పీడనం కావాలి. మినుము వేరు అదే పనిని మీ ఊరి పొలంలో, తడి మట్టిలో, ఏ కొలిమీ లేకుండా చేస్తోంది. ఎలా చేస్తోందో అడుగడుగునా విప్పి చెప్పగలిగినవాళ్లు ప్రపంచంలో ఇంకా ఎవరూ లేరు. మీ అమ్మాయి ఆ సాయంత్రం కూర్చున్నది ఆ ప్రశ్న ఎదుట. అక్కడ కూర్చున్న ఆచార్యుల్లో కూడా కొందరికి సగమే అర్థమై ఉంటుందని నేను నమ్మకంగా చెప్పగలను.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. అబ్బాయి ఖగోళ శాస్త్రం ఉపన్యాసానికి వెళ్లాడని ఒకరు, అమ్మాయి గణితం సెమినార్‌లో కూర్చుని తెల్లముఖం వేసిందని ఇంకొకరు. అడిగేది ఏ కోర్సు మంచిదని. లోపల ఉన్న దిగులు వేరు: మా పిల్ల ఆ చదువుకు సరిపోదేమో, సరిపోదని తెలిసేసరికి వయసు మీరిపోతుందేమో. ముందు దానికే జవాబు చెబుతాను.

పరిశోధన ఉపన్యాసం క్లాసు పాఠం కాదు. మొదటి పది నిమిషాలు హాలులో అందరికీ అందుతాయి. ఆ తర్వాత అరగంట ఆ రంగంలో పనిచేసేవాళ్లకు. చివరి పది నిమిషాలు, నిజం చెప్పాలంటే, ముందు వరసలోని నలుగురైదుగురికి. మూడో ఏడు విద్యార్థిని మొదటి పది నిమిషాలు పట్టుకుని, ఆ తర్వాత ఎప్పుడో దసరాకు ఇంటికొచ్చి వాళ్ల నాన్నకు పరమాణువుల లెక్క తప్పు లేకుండా చెప్పిందంటే ఆ ఉపన్యాసం తనకు ఇవ్వవలసింది ఇచ్చేసింది. ‘అంతా అర్థమైంది’ అని వచ్చి చెప్పే పిల్లల గురించి నేను ఎక్కువ కంగారు పడతాను.

ఈ విషయం కష్టంగా ఉండటానికి బలమైన కారణమే ఉంది. ఒక నీటి అణువులో పది ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒక్కో ఎలక్ట్రాన్ ఎక్కడుందో చెప్పడానికి మూడు అంకెలు కావాలి, మొత్తం ముప్ఫై. ఒక్కో అంకెకు పదేసి విలువలు మాత్రమే తీసుకున్నా, ఆ అణువు తరంగ ప్రమేయాన్ని, అంటే ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ ఉండే అవకాశం ఎంతో చెప్పే సూత్రాన్ని, పట్టికగా రాయాలంటే 1 పక్కన 30 సున్నాలంత పొడుగు పట్టిక అవుతుంది. ఒక్క గుక్కెడు నీళ్లకు కాదు, ఒక్క అణువుకు! ఆ ప్రమేయాన్ని కనిపెట్టే సమీకరణం 1926లోనే భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ చేతుల్లో తయారైంది. దాన్ని సాధించడం దగ్గరే శతాబ్దమంతా గడిచింది. 1960ల నడుమ వాల్టర్ కోన్, ఆయన సహచరులు వేరే దారి చూపించారు. పది ఎలక్ట్రాన్లను విడివిడిగా వెంటాడకుండా, ఎక్కడ ఎంత చిక్కగా ఉన్నాయన్న సాంద్రతను పట్టుకుంటే చాలన్నారు. దానికి మూడు అంకెలు చాలు. ముప్ఫై ఎక్కడ, మూడెక్కడ! ఇవాళ మందుల కంపెనీల్లో, బ్యాటరీల పరిశోధనలో కంప్యూటర్ మీద అణువులను లెక్కించేవాళ్లలో చాలామంది నడిచేది ఆ దారినే. అయితే మీ మినుము వేరులోని ఇనుప గుత్తి దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి కూడా తడబడుతుంది. ఆ ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి బాగా పెనవేసుకుని ఉంటాయి. అందుకే ఆ ఉపన్యాసం పెట్టారు.

కోన్ భౌతిక శాస్త్రవేత్త. ఆయనకు 1998లో నోబెల్ ఇచ్చింది రసాయన శాస్త్రంలో, జాన్ పోపుల్‌తో కలిపి. కెమిస్ట్రీలో చేరి ఫిజిక్సు విభాగంలో కూర్చోవడమేమిటన్న మీ ఫిర్యాదుకు ఇంతకంటే వివరణ అక్కర్లేదనుకుంటాను. ఇంకా దగ్గరి మనిషి కావాలంటే సూరి భగవంతం గారున్నారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అణువులు ఎన్ని రకాలుగా కంపిస్తాయన్న రసాయన ప్రశ్నకు గణితంలో సౌష్ఠవాన్ని లెక్కగట్టే సమూహ సిద్ధాంతాన్ని వాడుతూ, వెంకటరాయుడు అనే గణితవేత్తతో కలిసి 1948లో పుస్తకం రాశారు. అందులో ఏది ఫిజిక్సు, ఏది కెమిస్ట్రీ, ఏది లెక్కలు? గోడలు కాలేజీ టైంటేబుల్లో ఉంటాయి, అణువులో ఉండవు.

ఇక సర్టిఫికెట్ కోర్సు. దీని మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది, దాచుకోను.

అమరావతి సంగతి అబద్ధం కాదు. 156 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే అతి చిన్న ప్రమాణం క్యూబిట్) ఐబీఎం యంత్రాన్ని అక్కడ పెడతామని 2025లో ప్రకటించారు, టీసీఎస్, ఎల్ అండ్ టీ కూడా అందులో ఉన్నాయి. కేంద్రం 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003.65 కోట్లు కేటాయించారు. ఇవన్నీ మంచి మాటలు, నాకూ సంతోషమే. కానీ ఆ యంత్రం దగ్గర పని ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ చిప్పును, ఇక అంతకంటే చల్లదనం ఉండని పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో కొన్ని వందో వంతుల దూరం దాకా చల్లబరచాలి. దానిలోకి వెళ్లే సూక్ష్మతరంగ సంకేతాలను తూచినట్టు పంపాలి. వచ్చే తప్పులను గుర్తించి సరిదిద్దే గణితం రాయాలి. లేదా ఏ అణువును, ఏ పదార్థాన్ని దాని మీద లెక్కించడం దండగ కాదో తెలిసి ఉండాలి. మొదటి మూడింటికి భౌతిక శాస్త్రం, ఎలక్ట్రానిక్స్, గణితం లోతుగా కావాలి. నాలుగోదానికి కావలసింది సరిగ్గా మీ అమ్మాయి చదువుతున్న కెమిస్ట్రీ. ఆరు నెలల్లో ఈ నాలుగింటిలో ఏదీ రాదు. ఆ కోర్సుల్లో నేర్పేది క్యూబిట్ అంటే ఏమిటి, క్యూబిట్ల మీద చేసే నాలుగు మౌలిక చర్యలు (గేట్లు అంటారు), కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్. అవి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలైన ఎన్‌పీటీఈఎల్‌లో, ఐబీఎం వారి సొంత పాఠాల్లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. మీ అమ్మాయి వేసవి సెలవుల్లో మీ డాబా మీద కూర్చుని నేర్చుకోగలదు.

ఇంకో లెక్క చూడండి. ఇందాకటి ఇనుప గుత్తిని క్వాంటం కంప్యూటర్ మీద సరిగ్గా లెక్కించడానికి ఏమాత్రం యంత్రం కావాలో 2021లో కొందరు శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. సుమారు 40 లక్షల క్యూబిట్లు అని తేలింది. తర్వాత వచ్చిన అంచనాల్లో ఆ సంఖ్య తగ్గుతోంది, ఇంకా తగ్గుతుంది కూడా. అయినా 156 పక్కన పెట్టి చూస్తే నడవాల్సిన దూరం కనిపిస్తుంది. ఈ రంగం వస్తుందా రాదా అని నాకు సందేహం లేదు, వస్తుంది. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్‌కు వస్తుందని చెప్పి డబ్బు తీసుకునేవాళ్ల మీదే నా కోపం. పదిహేనేళ్ల కింద ఇదే జిల్లాలో వేరే పేరుతో ఇవే బోర్డులు చూశాను. పేరు మారుతుంది, గది అదే, ఫ్యాను అదే. చేరిన పిల్లలు ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

తేదీలు కూడా ఆలోచించండి. మీ అమ్మాయి ఎమ్మెస్సీ 2028లో ముగుస్తుంది. పీహెచ్‌డీ చేస్తే 2033 దాటుతుంది. క్వాంటం మిషన్ కాలపరిమితి 2030-31. పథకం చూసి చదువు ఎంచుకుంటే, చదువు చేతికొచ్చేనాటికి పథకం ఉండదు. 2025 భౌతిక శాస్త్ర నోబెల్ ముగ్గురికి ఇచ్చారు, అరచేతిలో పట్టే విద్యుత్ వలయంలో క్వాంటం లక్షణాలు చూపినందుకు. ఆ ప్రయోగాలు చేసింది 1984, 1985ల్లో. అప్పట్లో వాళ్లను క్వాంటం కంప్యూటర్ కోర్సు చేయమని ఎవరూ అనలేదు, అలాంటిది లేదు కూడా. వాళ్లకున్నది అతి చల్లని పరికరాల మీద చేయి తిరగడం, ఒక ప్రశ్న.

మీరు నొచ్చుకున్నా ఒక మాట అనాలి. మీ ఉత్తరంలో అమ్మాయి స్నేహితుల ఉద్యోగాల ప్రస్తావన ఉంది, ఫీజు ఉంది, అమరావతి ఉంది. అమ్మాయి ఏమంటోందన్నది ఒక్క వాక్యం, అదీ తనకు అర్థం కాలేదన్న వాక్యం. ఆ పిల్ల మీ దగ్గర నిజాయితీగా మాట్లాడింది. తెలియనిది తెలియదని తండ్రి ముందు ఒప్పుకుంది. మీరు ఆ మాటనే తన మీద ఫిర్యాదుగా నాకు రాసి పంపారు. వచ్చేసారి తను మీకు ఏదీ చెప్పదు. ‘బాగానే ఉంది నాన్నా’ అని ఫోను పెట్టేస్తుంది. ఇలా మూతబడిన ఇళ్లు నేను చాలా చూశాను, మీ ఇల్లు అలా కావడం నాకు ఇష్టం లేదు.

పోల్చి చెప్పమన్నారు కదా. పరిశోధన దారిలో నిలకడైన ఉద్యోగం ఆలస్యంగా వస్తుంది, విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు తక్కువ, పీహెచ్‌డీ తర్వాత కూడా మూడు నాలుగేళ్లు ఊళ్లు మారాల్సి రావచ్చు. ఇది కష్టం, దీన్ని చిన్నది చేసి చెప్పను. కానీ మీరనుకుంటున్నట్టు ఆ ఏళ్లన్నీ మీ జేబు మీద నడవవు. నెట్ పరీక్ష ద్వారా జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, హాస్టల్ గది లేకపోతే ఇంటి అద్దె భత్యం కూడా. (జామ్, నెట్, గేట్ పరీక్షల వివరాలు తనకు నాకంటే బాగా తెలుసు, అవి వదిలేస్తున్నాను.) మధ్యలో మనసు మారినా దారి మూసుకుపోదు. అణువులను కంప్యూటర్ మీద లెక్కించడం చేతనైన కెమిస్ట్రీ ఎమ్మెస్సీకి హైదరాబాద్ ఔషధ కంపెనీల్లో పని ఉంది. మూడో ఏడు దాకా వచ్చిన చదువును మాన్పించి ఆరు నెలల కాగితం చేతిలో పెడితే మాత్రం రెండు దారులూ పోతాయి.

మీ అమ్మాయికి కూడా నాలుగు మాటలు, ఈ పేజీ తనకు పంపండి. అమ్మా, ఉపన్యాసానికి చిన్న నోటు పుస్తకం తీసుకెళ్లు. అర్థం కాని పదాలన్నీ రాయకు, మళ్లీ మళ్లీ వినిపించిన మూడు పదాలే రాసుకుని ఆ రాత్రే చూడు. చివర కృతజ్ఞతల స్లైడు వస్తుంది, అప్పుడు లేచి వెళ్లిపోవద్దు. పని నిజంగా చేసిన విద్యార్థుల పేర్లు, డబ్బు ఇచ్చిన సంస్థలు అందులోనే ఉంటాయి. ఆ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో ఇంటికెళ్లి వెతికితే ఆ రంగంలో ఉద్యోగాల సంగతి నాలాంటి ఏ సలహాదారూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. టీ దగ్గర ఒక పీహెచ్‌డీ విద్యార్థిని అడుగు: మీరు రోజూ ఉదయం వచ్చి మొట్టమొదట చేసే పని ఏమిటి? ఆ జవాబు విన్నాక ఆ పని నువ్వు ఐదేళ్లు చేయగలవో లేదో నీకే తెలుస్తుంది. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చెయ్యి. గడువు వేసవికి చాలా ముందే, చలికాలంలోనే ముగుస్తుంది, చూసుకో. రెండు నెలలు ఒక ల్యాబులో కూర్చున్నాక కూడా ఆ సాయంత్రాల మీద ఇష్టం ఉంటే అప్పుడు మీ నాన్నగారితో మాట్లాడు. లేకపోతే కూడా మాట్లాడు.

అయ్యా, సంక్రాంతికి తను ఇంటికి వస్తుంది కదా. అప్పటికి మాగాణుల్లో వరి తర్వాత చల్లిన మినుము మొక్కలు ఉంటాయి. ఒక ఉదయం ఇద్దరూ పొలానికి వెళ్లండి. ఒక మొక్కను వేళ్లు తెగకుండా మట్టితో సహా పెకిలించి, నీళ్లలో కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుగా ఉంటే ఆ ఏడు ఇనుప పరమాణువులు అక్కడ పని చేస్తున్నట్టే. ఏం జరుగుతోందో తనను చెప్పమనండి. ఎక్కడిదాకా తెలుసో అక్కడిదాకా చెబుతుంది, మధ్యలో ఆపకండి.