పాఠకుల ప్రశ్నలు, ఇంజనీరు జవాబులు: వరద తరువాత ఫ్యాక్టరీ ఇల్లు

ప్రశ్న: మాది తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టున ఉండే వీధి. 2021 నవంబరు వరదలో మా మట్టిగోడల పెంకుటిల్లు కూలిపోయింది. అప్పటి నుంచి అద్దె ఇంట్లోనే ఉంటున్నాము. నదికి దూరంగా ఒక చిన్న స్థలం ఇన్నాళ్ళకు మా పేరు మీదికి వచ్చింది. ఒక కంపెనీ మనిషి వచ్చి, ఫ్యాక్టరీలో తయారైన గోడలు, పైకప్పు లారీలో తెచ్చి పది రోజులలో ఇల్లు నిలబెడతానని, మేస్త్రీ చేత కట్టిస్తే ఎనిమిది నెలలు పడుతుందని చెబుతున్నాడు. మా ఆయనకు ఈ మాట నచ్చింది. మా అత్తగారు మాత్రం కంపెనీ వాళ్ళ నమూనా గోడను వేళ్ళతో తట్టి చూసి, డొల్లగా మోగే గోడ ఇల్లెలా అవుతుందని అంటున్నారు. భూకంపాలు, వరదలు వచ్చిన దేశాలలో ఇలాగే కడతారన్న మాట నిజమేనా? మేము నమ్మవచ్చునా?
– ఒక పాఠకురాలు, తిరుపతి రూరల్

జవాబు: అమ్మా, మీ అత్తగారి అనుమానంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. డొల్లగా మోగినంత మాత్రాన గోడ పనికిరానిదని కాదు. రెండు రేకుల నడుమ నురగ నింపిన పఫ్ ప్యానెల్ అలాగే మోగుతుంది. ఎరువుల కర్మాగారాల వ్యర్థ జిప్సంతో తయారయ్యే జి.ఎఫ్.ఆర్.జి. ప్యానెల్ కూడా తన గూళ్ళలో కాంక్రీటు పడకముందు అలాగే మోగుతుంది. మొదటిది ఎండను, వానను ఆపే తెర మాత్రమే, ఇంటి బరువంతా చుట్టూ ఉన్న ఇనుప చట్రం మోయవలసిందే. రెండవది లోపల కడ్డీలు, కాంక్రీటు పడిన తరువాత పై అంతస్తును కూడా తానే మోయగలుగుతుంది. ఆ పద్ధతిలో కట్టిన 36 ఇళ్ళు మనకు పక్కనే నెల్లూరులో ఉన్నాయి, చూసి రావచ్చు. కనుక కంపెనీ మనిషిని మొదట అడగవలసిన ప్రశ్న, ఇల్లు ఎన్ని రోజులలో లేస్తుందని కాదు, పైకప్పు బరువును ఏది మోస్తుందని. దానికి అతడు నోటి మాటగా కాక, అర్హత గల ఇంజనీరు సంతకం చేసిన డ్రాయింగుతో సమాధానం చెప్పాలి.

ఇక పది రోజుల సంగతి. మేస్త్రీ పనిలో ఎక్కువ కాలం గోడ లేపడానికి పోదు, ఆగడానికి పోతుంది. శ్లాబు పోసిన తరువాత సెంట్రింగు విప్పడానికి కనీసం వారం, పొడుగు ఎక్కువైతే రెండు వారాలు ఆగాలి, నీళ్ళు పట్టాలి, ఆ తరువాతే పూత. ఫ్యాక్టరీలో ఈ ఆగడమంతా అచ్చుల దగ్గర, నీడలో, మీ స్థలంలో పునాది పని నడుస్తున్నప్పుడే జరిగిపోతుంది. లాభం నిజమైనదే. కానీ ఆ పది రోజులు లెక్కకు వచ్చేది పునాది, బేస్‌మట్టం సిద్ధమైన నాటి నుంచి అన్న సంగతి అతడు మీకు చెప్పి ఉండడు. అంతకంటే పెద్ద విషయం మీ ఉత్తరంలోనే ఉంది. 2021 నుంచి ఇప్పటి వరకు మీరు అద్దె ఇంట్లో ఉన్నది గోడ కట్టే మనిషి దొరకక కాదు, కాళ్ళ కింద మీదని చెప్పుకోగల స్థలం లేక. విపత్తు తరువాత కాలమంతా హరించుకుపోయేది స్థలం, పట్టా, పరిహారం దగ్గరే. ఆ ఆలస్యాన్ని తగ్గించే యంత్రమేదీ ఏ ఫ్యాక్టరీలోనూ లేదు.

ఇతర దేశాల మాట నిజమే కానీ పూర్తిగా వినాలి. 1988 డిసెంబరు 7న ఆర్మేనియాలో వచ్చిన భూకంపంలో కనీసం 25 వేల మంది చనిపోయారు. అక్కడ కూలినవీ, నిలిచినవీ రెండింటిలోనూ ఫ్యాక్టరీ కట్టడాలు ఉన్నాయి. స్తంభాలు, దూలాలు విడివిడిగా తెచ్చి అతికించిన తొమ్మిది అంతస్తుల భవనాలు చాలావరకు కుప్పకూలగా, గోడ పొడవునా పెద్ద పలకలు నిలిపి కట్టినవి నిలబడ్డాయి. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు ముక్క సాధారణంగా మంచిదే. ప్రాణం పోయేది రెండు ముక్కలు కలిసే చోట. దీనికి ఆర్మేనియా దాకా పోనక్కరలేదు. మన ఊళ్ళో ఖాళీ స్థలాల చుట్టూ వేసే రెడీమేడ్ ప్రహరీని చూడండి. మా వీధి చివర ఒకటి ఉంది: పలకలలో బీట కూడా లేదు, కానీ స్తంభాన్ని అడుగు లోతు గుంతలో నిలిపి మట్టి కప్పినందువల్ల రెండు వానలకు అది పక్కకు ఒరిగింది, గాడిలో నుంచి పై పలక జారి ఇప్పటికీ గడ్డిలో పడి ఉంది. మీ ఇంటి గోడలు బిగించే రోజున, ఆ మూలల దగ్గర బోల్టులు, వెల్డింగు, కాంక్రీటు నింపకం చూసుకోవడానికి మీకు తెలిసిన ఇంజనీరు ఎండలో నిలబడి ఉండటం ముఖ్యం. ఆ ఒక్క రోజు కూలికి వెనుకాడవద్దు.

నేల గురించి మరికొంత చెప్పాలి. 2021 వరద తగ్గిన తరువాత ఎం.ఆర్.పల్లి వైపు శ్రీకృష్ణానగర్‌లో జరిగిన వింత మీకు గుర్తుండే ఉంటుంది. సిమెంటు వరలతో భూమిలోకి దించిన నీటి తొట్టిని శుభ్రం చేస్తుండగా, అది మొత్తంగా భూమిలో నుంచి పైకి లేచి నిలబడింది. జనం దేవుడి మహిమ అన్నారు. నిజానికి నీళ్ళు తోడేసిన తొట్టి తేలిక అయింది, చుట్టూ నానిన నేల దానిని పడవలాగా పైకి తోసింది. ఫ్యాక్టరీ ఇంటికి తేలికదనమే గుణమని అమ్మేవారు చెబుతారు. భూకంపంలో అది గుణమే, నీళ్ళలోనూ గాలిలోనూ మాత్రం అదే దోషం. తేలిక ఇంటిని పునాదికి బోల్టులతో కట్టివేయాలి, పునాదికే ఆ పట్టు నిలిపే బరువు ఉండాలి. స్థలం నదికి దూరమన్నారు కానీ, వరద నాడు అక్కడ నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో ఇరుగుపొరుగు గోడల మీది చారను చూసి తెలుసుకోండి. బేస్‌మట్టం ఆ చారకు పైన ఉండాలి.

ఇప్పుడు నా సలహా. ఫ్యాక్టరీ పద్ధతి పదుల, వందల ఇళ్ళు ఒకేచోట లేస్తున్నప్పుడు గిట్టుబాటవుతుంది, ఎందుకంటే అచ్చుల ఖర్చు, క్రేను బాడుగ అన్నింటి మీదా పంచబడతాయి. కేంద్ర ప్రభుత్వ లైట్ హౌస్ ప్రాజెక్టు కింద చెన్నై పెరుంబాక్కంలో ప్రీకాస్ట్ పద్ధతిలో, అంటే కాంక్రీటు భాగాలను ముందే అచ్చులలో పోసి తెచ్చి బిగించే పద్ధతిలో, కట్టిన 1,152 ఇళ్ళు 2022లో ప్రారంభమయ్యాయి. అక్కడ ఆ లెక్క కుదిరింది. మీది ఒంటరి ఇల్లు, బహుశా క్రేను తిరగలేని సందు. అందువల్ల ఇంటినంతటినీ కొనకండి, ముక్కలను కొనండి. గోడలు ఊరి మేస్త్రీ చేత కట్టించి, సిమెంటు ద్వారబంధాలు, కిటికీ చట్రాలు, పైకప్పుకు నలుగురు మోయగల ప్రీకాస్ట్ దూలాలు, పలకలు తెప్పించుకుంటే, సెంట్రింగు ఖర్చూ కొంత కాలమూ కలిసివస్తాయి. కడప బండలు పరిచిన పాత మిద్దెలలో మన పెద్దలు చేసింది ఇంతకంటే భిన్నమైనది కాదు: క్వారీలో కోసిన బండ బండిలో వచ్చేది, ఇక్కడ ఎత్తి పరిచేవారు. మీ అత్తగారికి ఈ పద్ధతి నచ్చుతుందనుకుంటాను.

ప్రశ్న: తుపానులో ఇళ్ళు పోయిన కుటుంబాలకు గ్రామంలో వరుసగా కంటైనర్ ఇళ్ళు పెట్టించే ఆలోచన ఉంది. మంచిదేనా?
– ఒక వార్డు సభ్యుడు, శ్రీకాళహస్తి మండలం

జవాబు: పాఠశాలలో, కల్యాణ మండపంలో నెలల తరబడి తల దాచుకోవడం కంటే మంచిదే. అయితే ఎప్పటి వరకు అన్నది కాగితం మీద రాసి పెట్టండి. జపాన్‌లో 2011 మార్చి 11 సునామీ తరువాత 50 వేలకు పైగా తాత్కాలిక ఇళ్ళను ఫ్యాక్టరీ భాగాలతో నిలబెట్టారు. అక్కడి చట్టం ప్రకారం గడువు రెండేళ్ళు. శాశ్వత ఇళ్ళకు ఎత్తయిన స్థలాలు చదును చేసే పని సాగిసాగి, ఎన్నో కుటుంబాలు అంతకు రెట్టింపు కాలానికి పైగా అందులోనే ఉండిపోయాయి. పైన చెప్పిన ఆర్మేనియాలోనైతే, గ్యుమ్రి పట్టణంలో ఇనుప డబ్బాలలో పెరిగిన పిల్లలు పెద్దవారై, తమ పిల్లలను కూడా అందులోనే పెంచారు. జపాన్‌లో చలికాలం వచ్చాక గోడలకు అదనపు పొరలు వేయవలసి వచ్చింది. మన బాధ దానికి తలకిందులు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఎండలో ఒట్టి ఇనుప డబ్బాలో మధ్యాహ్నం పసిబిడ్డను పడుకోబెట్టలేరు. రేకుకు పైన మూరెడు ఎడంగా రెండో కప్పు, ఎదురెదురు కిటికీలు, పడమర పందిరి ముందే ధరలో కలిపి అడగండి. లోపలి పొరకు నురగ కంటే రాక్ వూల్ (రాతిని కరిగించి తీసిన నార) మేలు. నురగ అంటుకుంటే విషపు పొగ వస్తుంది, వంటగదీ పడకా ఒకటే అయిన ఇంట్లో అది చాలా ప్రమాదం.

ప్రశ్న: ఇనుప చట్రం, ప్యానెళ్ళతో కట్టిన ఇంటిపైన తరువాత ఒక గది వేసుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చట్రాన్నీ పునాదినీ మొదటే రెండు అంతస్తులకు లెక్క వేసి ఉంటే వేసుకోవచ్చు, లేకపోతే కూడదు. ఆ లెక్క కాగితం కంపెనీ దగ్గర కాక మీ బీరువాలో ఉండాలి. పదేళ్ళ తరువాత మీ కొడుకు పెళ్ళికి గది వేయాలనుకున్నప్పుడు, ఆ కంపెనీ తలుపు తెరిచే ఉంటుందన్న హామీ లేదు.