కొత్త కారు కొన్నారా? తొలి వెయ్యి కిలోమీటర్లు ఇలా నడపండి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు కొత్త కారు తీసుకున్న వారంలో తరచూ అడిగే మాట ఇది: "అన్నా, శనివారం డెలివరీ. పూజ చేయించుకుని ఆదివారం హ్యూస్టన్ మీనాక్షి గుడికి వెళ్ళొద్దామనుకుంటున్నాం. కొత్త ఇంజన్ కదా, పరవాలేదా?" ఫ్రిస్కో హనుమాన్ గుడిలో వాహన పూజ నిక్షేపంగా చేయించుకోండి. హ్యూస్టన్ ప్రయాణం మాత్రం రెండు మూడు వారాలు ఆపండి.

దూరం వల్ల వచ్చే ఇబ్బంది ఏమీ లేదు. హ్యూస్టన్ వెళ్ళే ఐ-45 హైవే ఎక్కి, వేగాన్ని తనంతట తనే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్‌లో 75 మైళ్ళు పెట్టేసి, మూడు గంటలకు పైగా ఒకే వేగంతో పోవడమే కొత్త ఇంజన్‌కు నచ్చని పని. ఇంజన్ లోపల పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం సిలిండర్. దాని గోడల మీద ఫ్యాక్టరీలోనే సన్నటి అడ్డగీతలు గీస్తారు. ఆయిల్ ఆ గీతల్లో నిలుస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు వాటి మీద ఒరుసుకుంటూ గోడకు సరిగ్గా అమరాలి. లోపల పెట్రోలు మండినప్పుడు పుట్టే వాయువుల ఒత్తిడి రింగుల వెనక్కి చేరి, వాటిని గోడకేసి అదుముతుంది. వేగం, లోడు (ఇంజన్ మీద పడే బరువు) మారుతూ ఉంటే ఆ అమరిక అన్ని రకాల నడకలకూ సరిపోయేలా జరుగుతుంది. రింగులు సరిగ్గా కూర్చోకపోతే ఆయిల్ పైకెక్కి మండిపోతుంది. అది ఈ ఏడాది కనిపించకపోవచ్చు, కారు పాతబడ్డాక బయటపడుతుంది.

"ఇప్పటి కార్లకు ఇవేమీ అక్కర్లేదు" అని షోరూంలో ఎవరైనా అంటే, గ్లవ్ బాక్స్‌లో ఉన్న మాన్యువల్ తీసి చూడండి. మనవాళ్ళు ఎక్కువగా కొనే టొయోటాల మాన్యువల్‌లో ఈ జాగ్రత్తలన్నీ రాసే ఉంటాయి: మొదటి 300 కిలోమీటర్లు సడన్ బ్రేకులు వద్దు, 800 వరకు ట్రెయిలర్ లాగొద్దు, 1000 వరకు మరీ ఎక్కువ వేగం వద్దు, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కొద్దు, చాలాసేపు ఒకే వేగంతో పోవద్దు. హోండా కూడా మొదటి 600 మైళ్ళు, అంటే దాదాపు అదే వెయ్యి కిలోమీటర్లు, జాగ్రత్తగా నడపమంటుంది. మీ కారు వేరే కంపెనీదైతే దాని మాన్యువల్లో ఏముందో అదే పాటించండి. నా మాటకంటే అదే పై మాట.

మెల్లగా నడపమన్నారని మరీ నలభై దాటకుండా పాకించొద్దు. ఊళ్ళో నాన్నగారు ఫోన్లో అలాగే చెబుతారు, వాళ్ళ కాలపు ఇంజన్లకు అది సరైన సలహానే. ఇక్కడ ఫ్రీవేలో నలభైలో పోతే వెనకవాళ్ళకు ప్రమాదం, పైగా లోడే లేకుండా నడిపితే రింగులకు కావలసిన ఒత్తిడీ అందదు. మామూలుగా ఎక్కండి, ట్రాఫిక్‌తో సమానంగా పోండి, కాళ్ళకు పని చెప్పండి. మా వైపు యూఎస్ 380 ఇందుకు బాగా పనికొస్తుంది. డెంటన్ నుంచి మెకిన్నీ దాకా సిగ్నళ్ళు, మధ్యలో ఖాళీ రోడ్డు, మళ్ళీ సిగ్నళ్ళు. ఇంజన్ వేగం తనంతట తనే మారుతూ ఉంటుంది. తప్పనిసరిగా ఫ్రీవే ఎక్కాల్సి వస్తే క్రూయిజ్ ఆపేసి, కాసేపు 60, కాసేపు 68, అలా మారుస్తూ పోండి.

చలి ప్రాంతాల్లో, షికాగో, మినియాపోలిస్ వైపు దిగినవాళ్ళకు ఇంకో మాట. రిమోట్ స్టార్ట్‌తో పావుగంట ఇంజన్ నడిపి ఉంచడం కొత్త ఇంజన్‌కు మంచిది కాదు. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు పూర్తిగా మండక ఆయిల్‌లో కలుస్తుంది. అద్దాల మీద మంచు గీకేసుకుని, ఒక నిమిషం ఆగి బయల్దేరండి. వేడెక్కేదాకా సుతారంగా నడపండి. పిల్లల్ని బడిలో దింపి వెంటనే ఇల్లు చేరే చిన్న ప్రయాణాలే మీ రోజూ అయితే, వారానికోసారైనా ఇంజన్ పూర్తిగా వేడెక్కేంత దూరం తిప్పండి.

మన దేశంలో మొదటి ఉచిత సర్వీసు సాధారణంగా వెయ్యి కిలోమీటర్లకు వస్తుంది. ఆ అలవాటుతో ఇక్కడా వెయ్యికే ఆయిల్ మార్పించాలా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం: మాన్యువల్ చెప్పకుండా మార్పించడం అనవసరం. టొయోటా మొదటి రెండేళ్ళు లేదా 25,000 మైళ్ళ వరకు షెడ్యూలు సర్వీసు ఉచితంగా చేస్తుంది, దాన్ని వాడుకోండి. తొందరపడి ఆయిల్ మార్పించే బదులు నెలకోసారి సమతలంగా ఉన్న చోట కారు ఆపి, కొన్ని నిమిషాలాగి, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) లాగి ఆయిల్ మట్టం చూడండి. కొత్త ఇంజన్ కొంచెం ఆయిల్ తాగడం మామూలే, మట్టం కింది గుర్తు దగ్గరికి పడుతుంటే డీలర్‌తో మాట్లాడాలి. పెట్రోలు విషయమూ అంతే. మాన్యువల్ 87 ఆక్టేన్ ఉన్న మామూలు పెట్రోలు చాలంటే ఖరీదైన ప్రీమియం పోయడం వల్ల ఇంజన్‌కు అదనంగా ఒరిగేదేమీ లేదు, ఆ డబ్బు ఇంటి సామాన్లకు పనికొస్తుంది.

టైర్ల గురించి కూడా మరిచిపోవద్దు. కొత్త టైర్ల పైపొర అరిగేదాకా తడి రోడ్డు మీద పట్టు తక్కువ. పూజలో నిమ్మకాయలు తొక్కించిన రోజే వాన పడితే, ముందు బండికి దూరం ఎక్కువ పాటించండి.

ఇక రసీదులు. సర్వీసు మా దగ్గరే చేయించాలి, లేకపోతే వారంటీ పోతుందని ఏ డీలరైనా అంటే బెదరకండి. బయట చేయించినంత మాత్రాన వారంటీ తీసేయడానికి వీల్లేకుండా 1975 నుంచీ ఇక్కడ ఫెడరల్ చట్టం ఉంది. కానీ రేపు ఇంజన్‌కు ఏదైనా వస్తే ఆయిల్ సమయానికి మార్చారని చూపించాల్సింది మీరే. తేదీ, మైళ్ళు, వాడిన ఆయిల్ రకం రాసి ఉన్న ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి, కారు పేరుతో ఒక ఫోల్డర్‌లో దాచండి. రసీదుల థర్మల్ కాగితం మీద అచ్చు ఎండకు ఏడాదిలో మాసిపోతుంది.